మత్తు మందు ఎక్కేటప్పుడు చెయ్యి ఎందుకు మండుతుంది? ఆ మంటను తగ్గించేదెలా?

ఆపరేషన్ అయి వార్డుకు వచ్చిన మనిషిని చూడ్డానికి వచ్చిన చుట్టాలు ముందుగా అడిగేది కుట్ల నొప్పి గురించి. మత్తు డాక్టర్‌గా నేను ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను: "నిద్ర మందు ఎక్కించేటప్పుడు చెయ్యి మండిందా?" కొందరికి ఏదీ గుర్తుండదు. గుర్తున్నవాళ్లు మాత్రం గట్టిగానే చెప్తారు. "చెయ్యంతా మంట లేసింది సారూ, మోచేతి దాకా గుంజింది, తర్వాత ఏం తెల్వదు." మహబూబ్‌నగర్‌లో అడిగినా, నల్లగొండలో అడిగినా, వనపర్తిలో అడిగినా ఈ మాట దాదాపు ఇలాగే వినిపిస్తుంది.

ఈ మంట అరుదైనది కాదు. దీన్ని తగ్గించే పద్ధతులు ఏళ్ల తరబడి తెలిసినవే, ఖర్చు కూడా చాలా తక్కువ. అయినా "రెండు క్షణాలే కదా, జర ఓర్సుకోండి" అనే మాటతో సరిపెట్టడం మన దగ్గర ఇంకా మామూలుగానే జరుగుతోంది. ఆ మాటతో సరిపెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ మందేమిటో, అది ఒంట్లోకి వెళ్లేటప్పుడు ఏం జరుగుతుందో చెప్పాలి.

సూది నొప్పి వేరు, మందు మంట వేరు

ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్‌లో, చేతికి తెలిసే నొప్పులు మూడు రకాలు. పేషెంట్లు మూడింటినీ కలిపి "సూది నొప్పి" అనేస్తారు. మొదటిది క్యాన్యులా, అంటే మందు ఎక్కించే సన్నటి గొట్టం, గుచ్చేటప్పటి నొప్పి. అది చర్మానికి సంబంధించింది, సూది లోపలికి పోగానే తగ్గిపోతుంది. రెండోది మందు రక్తనాళంలోకి పోతున్నప్పుడు లోపలి నుంచి వచ్చే మంట. క్యాన్యులా ఎంత చక్కగా కుదిరినా ఇది వస్తుంది. మూడోది క్యాన్యులా పక్కకు జరిగి, మందు రక్తనాళం బయట కండలోకి కారినప్పుడు వచ్చే నొప్పి. అప్పుడు ఆ చోట ఉబ్బుతుంది, చల్లగా తగులుతుంది, సెలైన్ సరిగా పోదు, నొప్పి తగ్గకుండా అలాగే ఉంటుంది.

మొదటిది ఎవరికైనా తెలుసు. మూడోది అయితే వెంటనే ఆపి, క్యాన్యులా మార్చాలి. గందరగోళమంతా రెండోదాని దగ్గరే. మంట పుట్టగానే పేషెంట్ భయపడతాడు, మందు పడలేదేమో, ఎలర్జీ వచ్చిందేమో అని టెన్షన్ పడతాడు. ఇంటికి వెళ్లాక "నాకు మత్తు మందు పడదు" అని అందరికీ చెప్తాడు. ఇంకోసారి ఆపరేషన్ అవసరమైనప్పుడు ఆ మాట అతని ఫైల్లోకి కూడా ఎక్కుతుంది. నిజానికి ఎలర్జీ లక్షణాలు వేరు: ఒంటిమీద దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం, బీపీ పడిపోవడం. చెయ్యి పొడవునా మంట పాకి, కాసేపట్లో నిద్ర పట్టేస్తే అది ఎలర్జీ కాదు, ఆ మందు స్వభావం.

పాలలా తెల్లగా ఉండే ఆ మందు

దాని పేరు ప్రొపోఫాల్. ఇప్పుడు పూర్తి మత్తు ఇవ్వాలంటే ముందుగా ఎక్కువగా వాడేది ఇదే. గాల్ బ్లాడర్ రాళ్ల ఆపరేషన్ మొదలు ఎండోస్కోపీ దాకా దీని వాడకం ఉంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాక, ఒకప్పుడు హైదరాబాద్‌కు పంపిన కేసులు చాలావరకు ఇక్కడే చేస్తున్నారు. అంటే ఈ మందు ఎక్కించుకునే మనవాళ్ల సంఖ్యా పెరిగింది.

పూర్తి మత్తు అవసరం పెరగడానికి మన ప్రాంతంలో ఇంకో కారణం కూడా ఉంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లలో వెన్నెముక చుట్టూ ఉండే కట్టు కణజాలం గట్టిపడిపోతుంది. నడుము కింది భాగాన్ని మొద్దుబార్చే సూది ఇద్దామంటే వాళ్లు వంగలేరు, సూది దూరడానికి సందు దొరకదు. ఇతరులకైతే నడుము సూదితో అయ్యే తుంటి ఆపరేషన్, హెర్నియా ఆపరేషన్ లాంటివి ఇలాంటివాళ్లకు ఒక్కోసారి పూర్తి మత్తుతో చేయాల్సి వస్తుంది. అప్పుడు దారి చేతి రక్తనాళమే.

ప్రొపోఫాల్‌ను బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీలో జాన్ గ్లెన్ బృందం 1970లలో కనిపెట్టింది. మనుషుల మీద మొదటిసారి 1977లో పరీక్షించారు. ఈ మందు నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి మొదట క్రెమోఫోర్ అనే ద్రావకంలో కలిపారు. ఆ ద్రావకం వల్ల కొందరికి తీవ్రమైన ఎలర్జీలు వచ్చాయి, దాంతో ఆ రూపాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. తర్వాత సోయా నూనెలో కరిగించి, గుడ్డు సొన నుంచి తీసిన లెసిథిన్‌తో ఆ నూనెను సన్నటి బిందువులుగా చేసి, నీళ్లలో చెదరగొట్టారు. ఆ తెల్లటి రంగు దీనివల్లే. 1986లో ఇది బ్రిటన్ మార్కెట్‌లోకి వచ్చింది. గ్లెన్‌కు 2018లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డు దక్కింది. ఆ గౌరవం ఈ మందుకు తగిందే. తొందరగా నిద్ర పుచ్చుతుంది, తొందరగా మెలకువ వస్తుంది, లేచాక వాంతులు తక్కువ.

మిగిలిపోయిన లోపాల్లో పేషెంట్‌కు నేరుగా తెలిసేది ఆ మంట.

లోపల జరిగేది

రసాయనంగా చూస్తే ప్రొపోఫాల్ ఫినాల్ జాతిది. ఫినాల్ జాతి మందులు చర్మాన్ని, లోపలి పొరలను చురుక్కుమనిపిస్తాయి. సీసాలోని మందులో ఎక్కువ భాగం నూనె బిందువుల్లోనే ఉంటుంది. నీళ్లలో విడిగా కరిగి ఉండేది అతి కొంచెం. రక్తనాళం గోడను తాకి మంట పుట్టించేది ప్రధానంగా ఆ కొంచెమే. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత చెప్పబోయే పద్ధతులన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

మనం వాడుకలో నరం అనేస్తాం గానీ క్యాన్యులా పెట్టేది సిర అనే రక్తనాళంలో. నొప్పిని మెదడుకు మోసుకుపోయే నాడుల కొసలు ఆ రక్తనాళం గోడలో ఉంటాయి. ఆ కొసల మీద ట్రిప్-ఎ1 అనే ద్వారం లాంటి ప్రోటీన్ ఒకటుంది. ఆవపిండి ఘాటు ముక్కుకెక్కినప్పుడు తెరుచుకునేది ఇదే ద్వారం. ప్రొపోఫాల్ కూడా దీన్ని తెరుస్తుందని 2008లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఆ ప్రోటీన్ లేకుండా పుట్టించిన ఎలుకల్లో ప్రొపోఫాల్ నొప్పి కనిపించలేదు. కొత్త ఆవకాయ కలుపుతున్నప్పుడు కళ్లలో నీళ్లు తెప్పించే దారి, ఓటీలో చెయ్యి మండించే దారి ఒకటేనన్నమాట.

మంట రెండు విడతలుగా వస్తుంది. మందు తాకగానే వచ్చేది మొదటిది. పది, ఇరవై సెకన్ల తర్వాత వచ్చేది రెండోది. రక్తనాళం గోడ రేగినప్పుడు బ్రాడీకైనిన్ అనే పదార్థం తయారవుతుంది, అది రక్తనాళాన్ని వెడల్పు చేసి, మందు నాడుల కొసలకు ఇంకా బాగా అందేలా చేస్తుంది. కొందరు మొదట ఏమీ లేదని, ఆ వెంటనే "అబ్బా" అని చెయ్యి లాక్కునేది అందుకే.

మందు ఎక్కడ ఎక్కుతుందన్నది దీన్ని బట్టే ముఖ్యమవుతుంది. అరచేతి వెనక ఉండే రక్తనాళం సన్నం. అందులో రక్తప్రవాహమూ తక్కువే. పొలంలో పిల్లకాలువలో రంగు పోస్తే గట్లను తడుపుకుంటూ పోతుంది, అదే రంగు కృష్ణలో పోస్తే కలిసిపోయి కనిపించదు. మోచేతి మడత దగ్గరి రక్తనాళం వెడల్పుగా ఉంటుంది, రక్తం జోరుగా పారుతుంది, మందు గోడకు తగిలేలోపే పలచబడిపోతుంది.

ఆడవాళ్లు, చిన్న వయసువాళ్లు, పిల్లలు ఈ మంట గురించి ఎక్కువగా చెప్తారు. మన దగ్గర దీనికి తోడయ్యేది ఖాళీ కడుపు. అచ్చంపేట వైపు ఒక తండా నుంచి ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి ఇంత తిని బయల్దేరిన మనిషికి ఓటీ పిలుపు మర్నాడు పదకొండు దాటాక వస్తుంది. "ఏం తాగొద్దన్నారు" అని ఎండాకాలంలో కూడా గుక్కెడు నీళ్లు ముట్టరు. అప్పుడు రక్తనాళాలు కుంచించుకుపోతాయి, మోచేతి దగ్గర చూసినా దొరకవు, చివరకు మణికట్టు పక్కన కనిపించిన సన్నటిదానిలోనే క్యాన్యులా పెట్టాల్సి వస్తుంది. సాధారణంగా మంచినీళ్లు ఆపరేషన్‌కు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు. అన్నం, టిఫిన్, పాలు మాత్రం ఆరు గంటలకు తగ్గకుండా, నూనె, మాంసం ఎక్కువైతే ఎనిమిది గంటల ముందే ఆపాలి. గర్భిణులకు, షుగర్ వల్ల జీర్ణం ఆలస్యమయ్యేవాళ్లకు, పేగు అడ్డుపడినవాళ్లకు లెక్క వేరు. అందుకే "నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చు?" అని మత్తు డాక్టర్‌నే అడిగి తెలుసుకోండి.

ఏది ఎంత పనిచేస్తుంది

ఈ ఒక్క మంట మీద ప్రపంచంలో జరిగినన్ని పరీక్షలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 177 పరీక్షలను కలిపి చూసిన ఒక సమీక్షను ప్రచురించింది. వాటిలో పాల్గొన్న పెద్దవాళ్లు 25,260 మంది. ఏ జాగ్రత్తా తీసుకోకుండా ప్రొపోఫాల్ ఎక్కిస్తే వందలో దాదాపు 60 మందికి నొప్పి వచ్చింది. పద్ధతి మార్చితే ఆ 60 ఎంతకు దిగుతుందో ఆ సమీక్ష ఇచ్చిన నిష్పత్తుల నుంచి లెక్కగట్టి చెప్తాను.

అన్నిటికంటే బాగా పనిచేసింది మందు కూడా కాదు, చోటు మార్చడం. అరచేతి వెనక కాకుండా మోచేతి మడత దగ్గరి రక్తనాళంలో ఎక్కిస్తే నొప్పి అవకాశం ఏడో వంతుకు పడిపోయింది. అంటే వందలో సుమారు 8 మంది. ఖర్చు సున్నా.

రెండోది, ముంజేతికి రబ్బరు కట్టు కట్టి, ఆ చోటును మొద్దుబార్చే లిగ్నోకైన్ మందు ముందుగా ఇవ్వడం. ఇలా చేస్తే వందలో సుమారు 17 మంది. లిగ్నోకైన్‌ను ప్రొపోఫాల్‌లోనే కలిపి ఇస్తే 24, కట్టు లేకుండా ముందుగా ఇస్తే 28. ముందుగా ఫెంటానిల్ లాంటి నొప్పి మందు ఇస్తే 29, కెటమిన్ అనే మరో మత్తు మందు కొద్దిగా ఇస్తే 31. మామూలు నొప్పి ఇంజెక్షన్లతో 40. కొబ్బరి నూనెలో దొరికేలాంటి మధ్యస్థ గొలుసు కొవ్వులు కలిపి తయారుచేసిన ప్రొపోఫాల్ వాడితే 45. ఈ చివరి రకంలో నీళ్లలో విడిగా ఉండే మందు తక్కువ కాబట్టి మంట కొంత తగ్గుతుంది. కంపెనీలు దీన్ని నొప్పి తక్కువ రకంగా చెప్పుకోవడంలో తప్పు లేదు, కానీ దీనొక్కదాని మీద ఆధారపడటం నాకు సమ్మతం కాదు. అంకెలు చూస్తే మీకూ అర్థమవుతుంది.

ఇవి ఒకదానితో ఒకటి కలపదగ్గవి. ఫెంటానిల్‌ను మత్తుకు ముందు ఎలాగూ చాలామందికి ఇస్తాం. దానికి ఒకటి రెండు నిమిషాల టైం ఇచ్చి, ఆ తర్వాత లిగ్నోకైన్, ఆ తర్వాత ప్రొపోఫాల్ అనే వరస పాటిస్తే అదనంగా పోయేదేమీ ఉండదు.

కట్టు కట్టి ఇచ్చే పద్ధతి, దగ్గర నుంచి

ఇది మాటల్లో పెద్దదిగా అనిపిస్తుంది, చేతల్లో ఒక నిమిషం పని. అరచేతి వెనక క్యాన్యులా ఉందనుకోండి. సెలైన్ ఆపుతాం. పేషెంట్ చెయ్యి కొద్దిసేపు పైకెత్తి పట్టుకుంటాం, సిరల్లో నిలిచిన రక్తం కిందికి జారుతుంది. ముంజేతికి రబ్బరు కట్టు కడతాం. చెయ్యి కిందికి దించి, ప్లెయిన్ లిగ్నోకైన్ రెండు శాతం మందు ఎక్కిస్తాం. బరువుకు కిలోకు అర మిల్లీగ్రాము లెక్క. అరవై కిలోల మనిషికి 30 మిల్లీగ్రాములు, అంటే ఒకటిన్నర మిల్లీలీటరు. కట్టు ఉంది కాబట్టి అది పైకి పోదు, అక్కడి సిరల్లోనే నిలబడి గోడలోని నాడుల కొసలను మొద్దుబారుస్తుంది. ఒక నిమిషం ఆగుతాం. కట్టు విప్పి, వెంటనే ప్రొపోఫాల్ మొదలుపెడతాం.

ఆ నిమిషం ఖాళీ నిమిషం కాదు. ఆక్సిజన్ మాస్క్ పెట్టి ఊపిరి పీల్చుకోమని చెప్పేది ఎలాగూ అప్పుడే. ఒకసారి పత్తి ఏరి ఏరి వేళ్లు మొరటుబారిన ఒక పెద్దమ్మ గర్భసంచి ఆపరేషన్‌కు వచ్చింది. ఇంతకుముందు వేరేచోట ఆపరేషన్ అప్పుడు చెయ్యి మండిన సంగతి ఆమెకు బాగా గుర్తు. కట్టు కట్టగానే "మళ్ల మండుతదా బిడ్డా?" అని అడిగింది. "మండకుండా చూడ్డానికే ఇది కడుతున్నమమ్మా, చెయ్యి జర బిగుతుగుంటది అంతే" అన్నాను. లిగ్నోకైన్ పోతున్నప్పుడు కళ్లు మూసుకుని చేతికేసి ధ్యాసపెట్టింది. ప్రొపోఫాల్ సగం పోయేసరికి "ఏం లేదు" అని పక్కనున్న సిస్టరమ్మతో అంటూనే నిద్రలోకి జారింది. మొదటి అనుభవం వల్ల ఆమెకున్న భయం ఆపరేషన్ గురించి కాదు, ఆ పది సెకన్ల గురించి. దీన్ని చిన్న విషయం అని నేను అనలేకపోవడానికి ఇలాంటివాళ్లే కారణం.

2000 సంవత్సరంలో వచ్చిన మరో సమీక్ష కూడా ఈ పద్ధతినే ముందు పెట్టింది. కట్టు కట్టి, ప్రొపోఫాల్‌కు అర నిమిషం నుంచి రెండు నిమిషాల ముందు లిగ్నోకైన్ ఇస్తే, ఇచ్చిన ప్రతి పదిమందిలో సుమారు ఆరుగురికి నొప్పి రాకుండా ఆపవచ్చని తేల్చింది.

లిగ్నోకైన్ మీద భయాలు కూడా వింటుంటాను. స్వీడన్‌లో 1943లో తయారై, 1948 నుంచి వాడకంలో ఉన్న మందు ఇది. పంటి డాక్టర్ చిగుళ్లకు ఇచ్చే సూదిలో ఉండేది సాధారణంగా ఇదే. గుండె లయ తప్పినప్పుడు రక్తనాళంలోకి దీనికంటే ఎక్కువ మోతాదులోనే ఇస్తారు. కాబట్టి 30, 40 మిల్లీగ్రాములు పెద్ద మోతాదు కాదు. అయితే హార్ట్ బ్లాక్, అంటే గుండెలో విద్యుత్ సంకేతాలకు అడ్డంకి, ఉన్నవాళ్లకు, లిగ్నోకైన్ నిజంగానే పడనివాళ్లకు వాడకూడదు. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ కూడా మార్కెట్‌లో ఉంటుంది, కుట్లు వేసేచోట వాడటానికి. దాన్ని రక్తనాళంలోకి అసలే ఇవ్వకూడదు, గుండె మీద ప్రమాదకరంగా పనిచేస్తుంది. రెండు సీసాలూ ఒకే ట్రేలో పక్కపక్కన పెట్టొద్దని నేను పట్టుబడతాను.

కలిపి ఇచ్చే పద్ధతిలో కూడా ఒక హద్దు ఉంది. 200 మిల్లీగ్రాముల ప్రొపోఫాల్‌కు 20 మిల్లీగ్రాముల లిగ్నోకైన్ దాటకూడదని మందు తయారీదారులే చెప్తారు. ఎక్కువ కలిపితే నూనె బిందువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి, అవి రక్తంలోకి పోవడం మంచిది కాదు. కలిపిన వెంటనే ఎక్కించాలి, ముందే కలిపి పెట్టుకోకూడదు. ఇది తేలికైన పద్ధతి కాబట్టి రద్దీ ఉన్నచోట ఎక్కువగా కనిపిస్తుంది. ఏమీ చేయకపోవడం కంటే ఎంతో నయం. వైద్య పరీక్షలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2016లో ఇచ్చిన సమీక్ష కూడా ముందుగా ఇచ్చినా, కలిపి ఇచ్చినా లిగ్నోకైన్ పనిచేస్తుందని, దుష్ప్రభావాలు అరుదని చెప్పింది.

మరి అందరికీ ఎందుకు చేయరు?

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. మోచేతి మడతలో క్యాన్యులా పెడితే, ఆపరేషన్ తర్వాత చెయ్యి వంచినప్పుడల్లా అది మడతపడుతుంది, సెలైన్ ఆగిపోతుంది, వార్డులో సిస్టర్‌కు తిప్పలు. పైగా రెండు రోజులు ఆస్పత్రిలో ఉండాల్సినవాళ్లకు అరచేతి వెనకదే సౌకర్యం. ఎమర్జెన్సీలో, పేగు పగిలిన కేసులో, రక్తం పోతున్న కాన్పులో ఒక నిమిషం ఆగడం కూడా కుదరకపోవచ్చు. అప్పుడు మంట గురించి ఎవరూ ఆలోచించరు, ఆలోచించకూడదు కూడా.

కానీ ముందుగా తేదీ ఇచ్చి, లిస్టులో పేరు పెట్టి చేసే ఆపరేషన్లలో ఆ కారణాలేవీ వర్తించవు. అక్కడ అడ్డం వచ్చేది అలవాటు ఒక్కటే. "ఎలాగూ మర్చిపోతారు" అనే మాట కూడా ఓటీలో వినిపిస్తుంది. మిడజోలాం అనే మగత మందు ఇస్తే చాలామంది నిజంగానే మర్చిపోతారు. అంతమాత్రాన ఆ క్షణంలో చెయ్యి మండలేదని కాదు. నొప్పికి చెయ్యి లాక్కుంటే క్యాన్యులా ఊడిపోయే ప్రమాదం ఉంది, పిల్లలైతే మంచం మీద గిలగిలలాడతారు, అప్పటిదాకా ఆక్సిజన్ పీల్చుకుంటున్నవాళ్లు ఏడుపు మొదలుపెడతారు.

"ప్రాణం కాపాడుతుంటే మంట ఒక లెక్కా?" అనేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద వచ్చింది. 1888, 1889లలో హైదరాబాద్‌లో ఆయన ఖర్చుతోనే రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఆ రోజుల్లో మత్తుకు వాడిన క్లోరోఫాం ఇచ్చినప్పుడు మనుషులు ఎందుకు చనిపోతున్నారు, గుండె ఆగా, ఊపిరి ఆగా అన్నది అప్పటి ప్రశ్న. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ దాన్ని నడిపించాడు, హైదరాబాద్‌లోనే చదివి మత్తు వైద్యం చేసిన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ అందులో పాలుపంచుకున్నారు. ఊపిరి ఆగడమే కారణమని కమిషన్ తేల్చింది. గుండె కూడా నేరుగా ఆగగలదని తర్వాతి పరిశోధనలు సరిచేశాయి. ఆ రోజుల్లో మత్తు నుంచి ప్రాణంతో లేస్తే చాలు. ఇప్పుడు ఆక్సిజన్ ఎంతుందో వేలికి తగిలించిన క్లిప్పే చెప్తోంది, ప్రమాదాలు బాగా తగ్గాయి. ప్రాణానికి హామీ ఇంతగా పెరిగిన కాలంలో మంటను కూడా లెక్కలోకి తీసుకోగలిగే తీరిక మనకు వచ్చింది. ఆ తీరికను వాడుకోవాలి.

ఇతర మందుల సంగతి

ప్రొపోఫాల్ ఒక్కటే కాదు. దానికి ముందు తరంలో వాడిన థయోపెంటోన్ 1934 నుంచి ఉన్న మందు. సరిగ్గా సిరలో పడితే పెద్ద నొప్పి ఉండదు గానీ, బయటికి కారితే గాఢమైన క్షార గుణం వల్ల చర్మం, కండ కుళ్లేంత పని చేస్తుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇచ్చే ఎటోమిడేట్ కూడా మండుతుంది, ప్రొపైలిన్ గ్లైకాల్‌లో కరిగించిన రకంలో ఎక్కువ, కొవ్వులో చేసిన రకంలో తక్కువ. కండరాలు వదులు చేయడానికి ఇచ్చే రోక్యూరోనియం ఆమ్ల గుణం గలది. అది ఎక్కించేటప్పుడు నిద్రలో ఉన్న మనిషి కూడా చెయ్యి లాక్కోవడం మేం కళ్లారా చూస్తుంటాం. ఇక్కడా లిగ్నోకైనే పనికొస్తుంది. ఫిట్స్‌కు ఇచ్చే డయాజిపాం మంట పుట్టిస్తుంది, మిడజోలాం అంతగా పుట్టించదు. కెటమిన్ సాధారణంగా మండదు, అందుకే చిన్న ఆస్పత్రుల్లో దాని మీద అంత మక్కువ, కానీ దాని ఇబ్బందులు దానికున్నాయి. వార్డులో పొటాషియం కలిపిన సెలైన్ ఎక్కుతున్నప్పుడు చెయ్యి మండితే ఓర్చుకుంటూ కూర్చోవద్దు, సిస్టర్‌కు చెప్పండి, వేగం తగ్గిస్తే తగ్గుతుంది.

పిల్లలకు, భయస్తులకు

పిల్లల్లో చాలాసార్లు ముందు మాస్క్‌తో సెవోఫ్లూరేన్ గ్యాస్ పీల్పించి నిద్ర పుచ్చి, ఆ తర్వాతే క్యాన్యులా పెడతారు. అలా కుదరకపోతే లిగ్నోకైన్, ప్రిలోకైన్ కలిసిన క్రీమ్ ఒకటుంది. చేతి మీద మందంగా రాసి, పైన ప్లాస్టిక్ పొర అతికించి ఒక గంట ఉంచితే గుచ్చేటప్పటి నొప్పి తెలియదు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే, ఇది చర్మానికే పనిచేస్తుంది, ప్రొపోఫాల్ మంటకు కాదు. పొద్దున ఎనిమిదింటికి ఓటీ అంటే ఏడింటికే రాయాలి, అందుకే ముందు రోజే అడిగి పెట్టుకోండి.

ఆపరేషన్‌కు ముందు, తర్వాత

మత్తు డాక్టర్ ముందుగా చూసేటప్పుడు, వాళ్లు అడక్కపోయినా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు చెయ్యి మండిందా, ఎంతసేపు, తర్వాత ఉబ్బిందా. పంటి సూదికి ఎప్పుడైనా కళ్లు తిరిగాయా, ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా. గుండెకు సంబంధించి ఈసీజీలో ఏదైనా తేడా చెప్పారా. తర్వాత నేరుగా అడగొచ్చు: "సార్, మందు ఎక్కేటప్పుడు మంట రాకుండా ముందు లిగ్నోకైన్ ఇస్తారా?" ఈ ప్రశ్నకు చిరాకుపడే డాక్టర్లు అరుదు. చాలామంది అప్పటికే అలా చేస్తుంటారు, చేయనివాళ్లకు ఇది గుర్తు చేస్తుంది. ఓటీలో క్యాన్యులా పెట్టిన చోట ముందే నొప్పి ఉన్నా, ఉబ్బినట్టు అనిపించినా, మందు మొదలుకాకముందే చెప్పండి.

మందు మోతాదు తగ్గించి మంట తగ్గించడం మాత్రం సరైన దారి కాదు. పెద్దవాళ్లకు మామూలుగా కిలోకు ఒకటిన్నర నుంచి రెండున్నర మిల్లీగ్రాముల మధ్యలో ఇస్తాం, వయసు మీదపడినవాళ్లకు, బలహీనంగా ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ. ఆ నిర్ణయం గుండె, బీపీ చూసి తీసుకోవాల్సింది. అలాగే డబ్బు మిగలాలని ఒక సీసా తెరిచి ఇద్దరు ముగ్గురికి పంచి వాడటం కూడా జరగకూడదు. నూనె, గుడ్డు కొవ్వు ఉన్న ఆ మందులో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. తెరిచిన సీసా ఒక్కరికే, అదీ కొన్ని గంటల్లోపే వాడేయాలి.

ఆపరేషన్ అయ్యాక చెయ్యి మంట సాధారణంగా మిగలదు. ఒకటి రెండు రోజుల తర్వాత క్యాన్యులా పెట్టిన చోట నుంచి పైకి తాడులా గట్టిగా తగిలితే, ఎర్రబడి వేడిగా ఉంటే, అది సిర వాపు. క్యాన్యులా ఇంకా ఉంటే తీసేయాలి, వెచ్చటి గుడ్డ కాపడం, చెయ్యి ఎత్తి ఉంచడం, డాక్టర్ చెప్పిన నొప్పి మాత్ర చాలావరకు సరిపోతాయి. జ్వరం వచ్చినా, చీము కనిపించినా, ఎర్రదనం పైకి పాకుతున్నా మళ్లీ ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే వెళ్లి చూపించుకోండి.